2090లో ఎనుమాముల యార్డు కథ: కంపెనీలకు అసలు పేర్లు పెట్టాలా, మనమే పుట్టించాలా?

ఓరుగల్లు రాకెట్ · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. 2090లో మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు. హమాలీలతో పాటు మిర్చి బస్తాలు మోసే రోబోలు ఉంటాయి. ఒకరోజు ఒక రోబో ఒక రైతు బస్తా ఎత్తనంటుంది. ఎందుకు ఎత్తనంటుందో అదే కథ, అది తర్వాత చెప్తాను.

నా చిక్కంతా పేర్ల దగ్గర. రోబో తయారు చేసిన కంపెనీకి మొదట ఒక నిజమైన పెద్ద కంపెనీ పేరే రాశాను. మా ఆవిడ చదివి "రేపు వాళ్లు నోటీసు పంపితే కోర్టుకు నువ్వు పోతావా, నన్ను పొమ్మంటావా" అంది. భయపడి "గ్లోబల్ రోబోటెక్ కార్పొరేషన్" అని మార్చాను. ఇప్పుడు కథ నాకే నమ్మబుద్ధి కావడం లేదు. యార్డు వాసన, మిర్చి ఘాటు, తుమ్ములు అన్నీ బాగానే వచ్చాయి. ఆ పేరు దగ్గరికి రాగానే దండలో ప్లాస్టిక్ పువ్వు కనపడ్డట్టు ఉంది. పెద్ద పెద్ద సినిమాలవాళ్లు, నవలలవాళ్లు ఈ పని ఎలా చేశారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సినిమా పిచ్చి · శనివారం రాత్రి 9:40

తమ్ముడూ, అసలు పేరు పెడితే నోటీసు కంటే ముందు కాలం దెబ్బ కొడుతుంది. 1968లో వచ్చిన "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" చూడు. అంతరిక్షానికి పోయే విమానం మీద పాన్ యామ్ అని అప్పటి అమెరికా విమాన కంపెనీ పేరు ఉంటుంది. పైన స్టేషన్‌లో హిల్టన్ ఉంటుంది. ఇంటికి వీడియో కాల్ చేసుకునే బూత్ మీద బెల్ టెలిఫోన్ గుర్తు ఉంటుంది. అప్పుడవి ఎప్పటికీ చావని కంపెనీలనే అందరి నమ్మకం. ఆ రోజుల్లో పాన్ యామ్ చంద్రుడి మీదికి పోయే విమానాల కోసం నిజంగానే పేర్లు రాసుకుంది, 1971లో ఆపేసే నాటికి 93,000 మందికి పైగా కార్డులు ఇచ్చింది. తీరా బెల్ సామ్రాజ్యం 1984లో ముక్కలైంది. పాన్ యామ్ 1991 డిసెంబరులో మూతపడింది. అసలు 2001 వచ్చేసరికి ఆ విమానమూ లేదు, ఆ ఫోనూ లేదు.

"బ్లేడ్ రన్నర్" (1982) కూడా ఇంతే. 2019 నాటి లాస్ ఏంజెలెస్ అని చెప్పి వీడియో గేముల కంపెనీ అటారీ, పాన్ యామ్ బోర్డులు నియాన్ దీపాలతో వెలిగించారు. ఆ సినిమాలో బోర్డు పడితే కంపెనీకి శని పట్టినట్టేనని హాలీవుడ్ జనం జోకులేసుకునేవాళ్లు. కానీ నాకు నచ్చిన సంగతి వేరే. 2017లో రెండో భాగం తీసినప్పుడు ఆ పేర్లను తీసేయలేదు. అటారీ, పాన్ యామ్ మళ్లీ కనిపిస్తాయి. అంటే ఆ లోకంలో అవి బతికే ఉన్నాయన్నమాట. తప్పయిపోయిన జోస్యాన్ని దిద్దకుండా దాన్నే చరిత్ర చేసుకున్నారు.

కాజీపేట జంక్షన్ · శనివారం రాత్రి 9:55

పోయిన కంపెనీ పేరు ఉండటం తప్పెందుకవుతుందండీ? ఆజంజాహి మిల్లు 1934లో పెట్టారు, 2002లో మూసేశారు. ఇప్పటికీ వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "ఆజంజాహి మిల్లు గ్రౌండ్" అనండి, ఏ ఆటో అతనూ ఎక్కడా అని అడగడు. మా అమ్మమ్మ దగ్గర ఇంకా ఆ మిల్లు దుప్పటి ఒకటి ఉంది, పెళ్లిళ్లకు మాత్రమే బయటికి తీస్తుంది. 2090లో కూడా ఎవరో ఒకరు ఆ పేరు చెప్పుకుని దారి అడుగుతుంటారని నా నమ్మకం. అలాంటి పేరు ఒకటి కథలో పడితే ఊరు ఊరులా ఉంటుంది.

ఖని పిల్లగాడు · శనివారం రాత్రి 10:20

నేను గోదావరిఖని. ఈ విషయంలో నాకు "ఏలియన్" (1979) గుర్తొస్తది. అందులో కంపెనీకి వేలాండ్-యుటానీ అని పేరు ఉన్నా మనుషులెవరూ ఆ పేరు పలకరు. "కంపెనీ" అంటారు, అంతే. కంపెనీ ఆర్డరు, కంపెనీ ఓడ.

మొదటిసారి చూసినప్పుడు నేను ఉలిక్కిపడ్డది రాక్షసికి కాదు, ఈ మాటకు. మా దగ్గర కంపెనీ అంటే ఒక్కటే, సింగరేణి. కంపెనీ క్వార్టర్, కంపెనీ దవాఖాన, కంపెనీ నీళ్లు. "నీ కొడుకు ఏం చేస్తుండు" అంటే "కంపెనీల ఉన్నడు" అంటరు. ఏ కంపెనీ అని అడిగినవాడు బయటి ఊరోడని లెక్క. పూర్తి పేరు మా నాన్న జీతం చీటీ మీద తప్ప ఎక్కడా చదివిన గుర్తు లేదు.

ఇంకో ముచ్చట. ఆ సినిమాల అంతరిక్ష ఓడ యుద్ధనౌక కాదు. రెండు కోట్ల టన్నుల ఖనిజం లాక్కొచ్చే బండి. మనుషులు ఏడుగురే. నిద్ర లేచి కాఫీ తాగుతూ కింద ఇంజను దగ్గర పనిచేసే ఇద్దరు మొదలుపెట్టే మొదటి పంచాయితీ ఏంది? బోనస్! వాళ్లకు సగం వాటానే, మిగతావాళ్లకు పూర్తి వాటా. దసరా ముందు మా క్వార్టర్లల్ల లాభాల వాటా ఎంత ప్రకటిస్తరని నడిచే ముచ్చట్లు సరిగ్గా ఇట్లనే ఉంటయి. మా నాన్నకు ఆ ఒక్క సీను చూపించిన. ఇంగ్లిష్ రాదు, కింద అక్షరాలు చదవలేదు. "మస్టర్ గురించా, బోనస్ గురించా?" అని అడిగిండు.

కాబట్టి రాకెట్ అన్నా, నీ కథల హమాలీలు ఆ కంపెనీని ఏమంటరో ముందు చూసుకో. బోర్డు మీది పేరు తర్వాత.

పాత సినిమా పిచ్చి · శనివారం రాత్రి 10:41

ఖని తమ్ముడూ, దండం. ఆ వేలాండ్-యుటానీ పేరు వెనక కథ చెప్తాను. ఆ సినిమాకు ఓడలోని గుర్తులు, డబ్బాలు, బోర్డులు గీసిన చిత్రకారుడు రాన్ కాబ్. ఇంగ్లండ్, జపాన్ కలిసి అంతరిక్ష వ్యాపారం చేస్తున్నాయని చూపించాలని ఆయన ఆలోచన. మనసులో ఉన్న పేరు లేలాండ్-టొయోటా. అసలు పేర్లు పెట్టడం కుదరదు కదా. లేలాండ్‌లో ఒక్క అక్షరం మార్చి వేలాన్ చేశాడు. యుటానీ ఆయన ఇంటి పక్కన ఉండే జపాన్ వాళ్ల ఇంటిపేరట! మొదటి సినిమాలో చివర "డి" లేదు, 1986లో రెండో సినిమాకు వచ్చి చేరింది.

అది సినిమాలో కథ కోసం పెట్టిన డైలాగు కాదు, బీరు డబ్బా మీద కంటికి ఆనీ ఆననట్టు ఉన్న ముద్ర. అయినా రెండు దేశాల పేర్లు ఒక గీతతో కలిసేసరికి, ఈ భూమ్మీద ఎవరు ఎవర్ని కొన్నారు, ఎవరి డబ్బు నడుస్తోంది అనే కథంతా అందులోకి వచ్చి కూర్చుంది. "గ్లోబల్ రోబోటెక్"లో లేనిది అదే. ఆ పేరుకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు, చుట్టం లేడు.

రిటైర్డ్ స్టీరింగ్ · ఆదివారం ఉదయం 6:05

బాబూ, నేను సినిమాలు అంతగా చూడను. మా మనవడు ఈ చర్చ చూపించాడు. లేలాండ్ అన్నారు కాబట్టి రాస్తున్నా. హన్మకొండ నుంచి ఏటూరునాగారం రూటులో ఆ బండ్లు నడిపినవాణ్ణి. పస్రా దాటినాక అడవిలో రాత్రిపూట ఆ ఇంజను మోత తప్ప ఇంకో తోడు ఉండేది కాదు. లేలాండ్ అనేది ఇంగ్లండ్‌లో లాంకషైర్ జిల్లాలో ఒక ఊరి పేరు. మన అశోక్ మోటార్స్ 1948లో మద్రాసులో పెట్టారు, పెట్టినాయన కొడుకు పేరు అశోక్. 1955లో ఇంగ్లండ్ కంపెనీ కలిసి అశోక్ లేలాండ్ అయింది. ట్రైనింగ్‌లో మాకు ఈ సంగతి చెప్పారు.

అంటే మన పిల్లవాడి పేరు ఒకటి, వాళ్ల ఊరి పేరు ఒకటి. మీరు చెప్పిన ఆ రాక్షసి ఓడ పేరు కూడా ఇదే లెక్క కదా. నేను నడిపిన బస్సుకు దూరపు చుట్టమే అనుకోవాలి.

కాజీపేట జంక్షన్ · ఆదివారం ఉదయం 7:30

పెద్దాయన పోస్టుకు వంద లైకులు కొట్టే వీలుంటే బాగుండు.

నల్లకోటు · ఆదివారం ఉదయం 10:15

నోటీసు భయం గురించి రెండు ముక్కలు. ఇది మామూలు అవగాహన కోసం, ఫీజు తీసుకున్న సలహా కాదు.

ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ముఖ్యంగా చూసేది వ్యాపారంలో వాడకాన్ని. ఇంకొకరి పేరు నీ సరుకు మీద వేసి అమ్మితే అది ఉల్లంఘన. కథలో పాత్ర ఫలానా ఫోను జేబులోంచి తీసింది అని రాస్తే మామూలుగా ఆ కిందికి రాదు. అసలు గొడవ పరువు దగ్గర. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు నష్టం మనిషికే కాదు, కంపెనీకీ వర్తిస్తుంది. మీ రోబో బస్తా ఎత్తనంటే ఎవరికీ నష్టం లేదు. అదే రోబో తూకంలో మోసం చేసిందని, కంపెనీ కావాలనే అలా తయారు చేసిందని రాసి, మీద అసలు పేరు పెడితే అప్పుడు మీ ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి.

అట్లని ప్రతి కేసూ కంపెనీలే గెలవవు. 2011లో టాటా సన్స్, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కేసు చూడండి. ఒడిశాలో ధామ్రా ఓడరేవు వల్ల తాబేళ్లకు ముప్పు అంటూ గ్రీన్‌పీస్ ప్యాక్‌మ్యాన్ తరహాలో కంప్యూటర్ ఆట ఒకటి పెట్టింది. తాబేళ్లను తరిమే దయ్యాలు ఆ కంపెనీ లోగోతో ఉంటాయి. ఆట ఆపించమని కంపెనీ అడిగితే ఢిల్లీ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. వెటకారానికీ విమర్శకూ చోటుండాలనేది అక్కడి మాట. కానీ తమ్ముడూ, గ్రీన్‌పీస్‌కు వకీళ్లున్నారు. నీకు నేనొక్కణ్ణే ఉన్నాను, అదీ ఆదివారం.

బోర్డుల పెయింటర్ · ఆదివారం మధ్యాహ్నం 1:50

నేను హన్మకొండ చౌరస్తా దగ్గర బోర్డులు రాస్తాను. ఫ్లెక్సీలు వచ్చాక పని సగం పోయింది. ఈ మధ్య మన పిల్లలు తీసే షార్ట్ ఫిల్మ్‌లకు దొంగ బోర్డులు, దొంగ లేబుళ్లు చేసి పెడుతున్నాను. మీ చర్చ నా రోజువారీ పనే.

మొన్న ఒక సినిమాకు కూల్ డ్రింక్ సీసా కావాలన్నారు. అసలు కంపెనీ పేరు వద్దు అన్నారు. ఎర్ర స్టిక్కర్ మీద తెల్లని వంపు గీత వేసి "కూల్‌కూలు" అని రాసి, అసలు లేబుల్ మీద అతికించాను. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా కదా, పది నిమిషాల్లో చెమట పట్టింది. హీరో సీసా ఎత్తి తాగే సీన్లో నా స్టిక్కర్ మూల మెల్లగా విప్పుకుంటోంది. కింద అసలు పేరు మొదటి అక్షరం బయటికి తొంగి చూస్తోంది. కెమెరా పిల్లవాడు "కట్" అనడు, ఎందుకంటే యాక్టింగ్ బాగా వస్తోంది. చివరికి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి మళ్లీ తీశాం. రెండోసారి ఆ అబ్బాయి ముఖంలో ఆ దాహం రాలేదు.

అప్పుడు నాకు తెలిసింది ఏంటంటే, పేరుతో పని లేదు. ఎరుపు మీద తెలుపు వంపు గీత ఉంటే చాలు, చదువు రాని ముసలమ్మ కూడా అది ఏ డ్రింకో చెప్పేస్తుంది. అక్షరం మార్చడం సులువు, రంగు మార్చడమే కష్టం. అప్పటి నుంచి నేను రంగు నుంచి మొదలుపెడుతున్నాను. జనం ఎప్పుడూ చూడని రంగుల జోడీ ముందు పెట్టుకుంటే పేరు దానంతటదే వస్తుంది. కథ రాసేవాళ్లు కూడా రోబో ఏ రంగులో ఉందో ముందు రాసుకుంటే మంచిది.

పాత సినిమా పిచ్చి · ఆదివారం మధ్యాహ్నం 2:20

పెయింటరన్నా, మీరు చేసే పని హాలీవుడ్‌లో పెద్ద పరిశ్రమ. "ఎక్స్-ఫైల్స్"లో ఆ సిగరెట్ పెద్దమనిషి కాల్చేది మోర్లీ. పెట్టె చూస్తే మార్ల్‌బరో చుట్టమని తెలిసిపోతుంది. ఆ మోర్లీ పెట్టె ఒక్క సీరియల్‌తో ఆగలేదు, ఒకదానికొకటి సంబంధం లేని బోలెడు సినిమాల్లో, సీరియళ్లలో తిరిగింది. విమానం కూలాలంటే ఏ కంపెనీ తన పేరు ఇస్తుంది? అందుకే ఓషియానిక్ ఎయిర్‌లైన్స్ పుట్టింది. 1996లో "ఎగ్జిక్యూటివ్ డెసిషన్"లో హైజాక్ అయిందీ అదే పేరున్న విమానం, 2004లో "లాస్ట్" సీరియల్లో దీవిలో కూలిందీ అదే పేరున్న విమానం. పాపం ఆ కంపెనీలో టికెట్టు కొన్నవాడు ఇంటికి చేరడం అనుమానమే.

మన దగ్గర సిగరెట్ సంగతి ఇంకా తేలిక. పొగాకు చట్టం నియమాల ప్రకారం తెర మీద బ్రాండు కనపడకూడదు, మసక చేయాలి. కాబట్టి మన సినిమాల్లో దొంగ పేరు కూడా అక్కర్లేదు, ఒక మబ్బు తునక చాలు.

ధైర్యం ఉంటే రాయి · ఆదివారం సాయంత్రం 5:00

అందరూ సుతిమెత్తగా మాట్లాడుతున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతున్నా. ఈ దొంగ పేర్లంటే నాకు పడదు. యాపిల్ అనడానికి దమ్ము లేక "ది సింప్సన్స్"లో మాపుల్ అన్నారు. "ఫ్యూచురామా"లో ఐఫోన్‌ను కంటికి తగిలించి ఐఫోనే అన్నారు, ఇంగ్లిష్ స్పెల్లింగు మాత్రం మార్చారు. ఎవరి గురించో అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. అయినా ముసుగు. మా ఊళ్లో సర్పంచ్‌ను తిట్టాలంటే "కొందరు పెద్దమనుషులు" అంటారే, అట్లుంటది.

ల్యాబ్ నుంచి బయటపడి · ఆదివారం సాయంత్రం 5:45

ఒప్పుకోను. అసలు పేరు ఉన్న చోట ధైర్యం ఉందని ఎవరన్నారు? చాలాసార్లు అక్కడ ఉండేది డబ్బో, బేరమో. "ఇ.టి."లో ఆ పిల్లవాడు గ్రహాంతర జీవికి వేసే చాక్లెట్ గింజలు మొదట ఎం అండ్ ఎమ్స్ అనుకున్నారు, కంపెనీ వద్దంది. రీసెస్ పీసెస్ వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్ల పంట పండింది. "డెమోలిషన్ మ్యాన్" (1993) ఇంకా తమాషా. 2032లో హోటళ్ల యుద్ధంలో మిగతా అన్నీ పోయి టాకో బెల్ ఒక్కటే మిగిలిందని కథ. అమెరికా బయట ఆ పేరు ఎవరికీ తెలియదని విదేశీ ప్రింట్లలో పిజ్జా హట్ చేశారు. మాటలు మళ్లీ డబ్బింగ్ చెప్పించారు, బోర్డులు మార్చారు. భవిష్యత్తులో మిగిలే ఒక్క హోటలు కూడా మనం ఏ దేశంలో టికెట్టు కొన్నామన్న దాన్ని బట్టి మారుతుంది!

ముసుగు వేసి గట్టిగా కొట్టిన ఉదాహరణ కావాలంటే "బ్లాక్ మిర్రర్" సీరియల్ 2023 ఎపిసోడ్ చూడు. స్ట్రీమ్‌బెర్రీ అనే కంపెనీ మామూలు మనుషుల బతుకుల్ని అనుమతి చదవకుండా నొక్కిన ఒక్క క్లిక్కుతో సీరియల్ చేసేస్తుంది. ఎర్ర అక్షరం, తెర మొదట్లో వచ్చే చప్పుడు అన్నీ నెట్‌ఫ్లిక్స్‌వే. దాన్ని చూపించింది కూడా నెట్‌ఫ్లిక్సే. అక్కడ అసలు పేరే పెట్టి ఉంటే అది ప్రకటన అయ్యేది.

ఇంకో మేలు కూడా ఉంది. పుట్టించిన పేరుతో కంపెనీని ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. పోల్, కార్న్‌బ్లూత్ రాసిన "ది స్పేస్ మర్చంట్స్" (1953)లో కాఫీయెస్ట్ అనే పానీయం ఉంటుంది. కొన్ని వారాలు తాగినవాడు జన్మంతా మానలేడు, ఆ విధంగానే తయారు చేస్తారు. అసలు కాఫీ కంపెనీ పేరు పెట్టి ఆ మాట రాయగలరా?

మిర్చి యార్డు · ఆదివారం రాత్రి 8:30

నేను రైతు బిడ్డను, నర్సంపేట వైపు. మీరందరూ సినిమాల గురించి చెప్తున్నారు, నేను మా ఇంట్లో జరిగింది చెప్తా.

కొన్నేళ్ల కింద మా బాపు పత్తి విత్తనాలు తెచ్చిండు. ఏటా తెచ్చే రకమే అనుకున్నడు. ఆకుపచ్చ ప్యాకెట్, మీద పగిలిన తెల్ల కాయ బొమ్మ, ఎర్ర అంచు. అంతా అదే. పేరులో నడుమ ఒక్క అక్షరం తేడా. బాపుకు కంటి ఆపరేషన్ కాలేదు అప్పటికి, బొమ్మ చూసి తెచ్చిండు. మొలక సగం వచ్చింది. మళ్లీ విత్తినం. ఆ ఖాళీ ప్యాకెట్‌ను నేను పాతదాని పక్కన పెట్టి చూసిన. బొమ్మలో కాయకు పాతదానికి నాలుగు పగుళ్లుంటే దీనికి ఐదున్నయి. అదొక్కటే తేడా, అది కూడా లెక్కపెడితేనే. ఎవరు చేసిండ్రో, ఎక్కడ చేసిండ్రో తెలియలే.

మీ రాన్ కాబ్ ఒక్క అక్షరం మారిస్తే కథ అయింది. మా దగ్గర ఒక్క అక్షరం మారితే ఎకరానికి రెండు సార్లు దున్నకం. అందుకే కథల్లో ఒక్క అక్షరం మార్చిన పేరు కనపడితే నాకు నవ్వు రాదు, ముందు అనుమానం వస్తది.

ల్యాబ్ నుంచి బయటపడి · ఆదివారం రాత్రి 9:05

అన్నా, మీ పోస్టు చదివాక పైన రాసింది నాకే తేలిగ్గా అనిపిస్తోంది. పావొలో బాచిగలూపీ నవల "ది విండప్ గర్ల్" (2009) మీకు నచ్చుతుందేమో. ఆగ్రిజెన్, ప్యూర్‌కాల్ అని విత్తన కంపెనీలు ఉంటాయి. వాటిని జనం క్యాలరీ కంపెనీలంటారు. వాళ్ల విత్తనం మళ్లీ మొలవదు, ఏటా కొనాల్సిందే. పంట రోగాలు కూడా వాళ్లు పుట్టించినవే. ఆ పేర్లు వినగానే ఏ కంపెనీలు గుర్తొస్తాయో వేరే చెప్పనక్కర్లేదు, కానీ ఎవరినీ వేలెత్తి చూపించడు. మన పత్తి రైతులు చదివితే అందులో కల్పన ఎంత, కానిది ఎంత అని గంటలు కొట్లాడుకుంటారు.

నిర్వాహకుడు · ఆదివారం రాత్రి 9:20

విత్తన కంపెనీల అసలు పేర్లు ఎవరూ ఇక్కడ రాయకండి. రెండు పోస్టులు తీసేశాను. ఫిర్యాదు ఉంటే వ్యవసాయ శాఖకు రాయండి. చర్చ బాగుంది, కానివ్వండి.

కిరాణా కబుర్లు · సోమవారం ఉదయం 11:10

గిరాకీ లేదు కాబట్టి రాస్తున్న. మీరు మరిచిపోతున్నది ఒకటుంది. కొన్ని పేర్లు కంపెనీ చేతిలోంచి ఎప్పుడో జారిపోయి మన నోట్లో పడ్డయి. నా కొట్టుకు వచ్చి "సర్ఫ్ ఇయ్యి" అంటరు, ఏ సర్ఫ్ అంటే అగ్గువది అంటరు. పళ్లు తోమేది ఏదైనా కోల్గేటే. "డాల్డా" అడిగే ముసలోళ్లు ఇంకా ఉన్నరు. ఆ పేరు కూడా మీ లేలాండ్ లెక్కనే పుట్టిందట. డాడా అనే పేరు మధ్యలో లీవర్ వాళ్ల "ఎల్" దూర్చితే డాల్డా. బయట చూస్తే మట్టి తీసే పసుపు బండి ఏదైనా జేసీబీ. అది ఒక ఇంగ్లండ్ ఆయన పేరులో మూడు పొడి అక్షరాలు, జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. ఇక పేపర్లల్ల ప్రొక్లెయిన్ అని రాస్తరే, అది ఫ్రాన్స్ కంపెనీ పొక్లెయిన్ పేరు. మన దగ్గరికి వచ్చేసరికి నడుమ ఒక "ర" కలిసింది. ఎవరూ చిత్రకారుడు కూర్చుని మార్చలే. కూలీలే మార్చిండ్రు.

కథల కూడా అట్లనే మార్చు. కంపెనీ ఒక పేరు పెడితే యార్డుల ఇంకో పేరు పలకాలె.

కాజీపేట జంక్షన్ · సోమవారం మధ్యాహ్నం 12:30

కిరాణా అన్న చెప్పిందే నేనూ అనబోయాను. ఇంకొకటి కలుపుతా. వరంగల్‌లో కంపెనీ పెడితే పేరు ఎలా ఉంటుందో మనకు తెలుసు. కాకతీయ, భద్రకాళి, రుద్రమ, ఏకశిల. ఈ నాలుగు తీసేస్తే ఊళ్లో సగం టిఫిన్ సెంటర్లకు, మెస్సులకు పేరుండదు. లోగో అంటే కాకతీయ తోరణం. పాలప్యాకెట్ నుంచి ట్యూషన్ సెంటర్ దాకా తోరణమే. 2090 వచ్చినా మనవాళ్లు మారరు. జపాన్ డబ్బుతో రోబో చేసినా దాని ఛాతీ మీద తోరణం వేసే తీరతారు.

నల్లకోటు · సోమవారం మధ్యాహ్నం 1:15

ఆ నాలుగు పేర్లతో నిజంగా నడిచే సంస్థలు డజన్ల కొద్దీ ఉంటాయి, అందుకని ఒక పని చేయండి. ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులుగా ఉంటాయి. యంత్రాలు 7వ తరగతి. మీ పేరు అక్కడ కొట్టి చూడండి. భవిష్యత్తు గురించి మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. "టెర్మినేటర్"లో లోకాన్ని ముంచిన సైబర్‌డైన్ పేరుతోనే 2004లో జపాన్‌లో నిజం కంపెనీ పుట్టింది. నడవలేనివాళ్లకు తోడ్పడే రోబో తొడుగు తయారు చేస్తారు, మంచి పని. దాని పేరేంటో తెలుసా? హాల్. పైన పాత సినిమా పిచ్చి గారు చెప్పిన 1968 సినిమాలో మనుషుల్ని చంపే కంప్యూటర్ పేరు కూడా అదే.

పాత సినిమా పిచ్చి · సోమవారం మధ్యాహ్నం 1:22

వకీలు గారూ, ఈ ఒక్క పోస్టుకు మీకు బిర్యానీ బాకీ.

ధైర్యం ఉంటే రాయి · సోమవారం సాయంత్రం 4:40

సరే, ఒక మెట్టు దిగుతున్నా. మిర్చి యార్డు అన్న ప్యాకెట్ కథ విన్నాక దొంగ పేరంటే పిరికితనం అనే మాట వాపసు. కానీ మాపుల్ మీద నా అభిప్రాయం మారలేదు.

ఓరుగల్లు రాకెట్ · సోమవారం రాత్రి 10:50

రెండు రోజులు అన్నీ చదివి, రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. కంపెనీ పేరు తోరణ్ వర్క్స్. 7వ తరగతిలో వెతికాను, నాకు కనపడలేదు. రోబో రంగు పెయింటరన్న మాట విని మొదట రాసుకున్నాను, బెల్లం రంగు, చేతులు మాత్రం నీలం. కాగితాల మీద దాని పేరు టీడబ్ల్యూ-40. యార్డులో ఎవరూ ఆ పేరు పలకరు. బస్తన్న అంటారు. కంపెనీని కంపెనీ అంటారు (ఖని తమ్ముడికి థాంక్స్). మొదటి పేరా పెడుతున్నాను:

"తెల్లవారుజామున నాలుగింటికే యార్డు నిండా తుమ్ములు. బస్తన్నకు తుమ్ము రాదు కాబట్టి ముందు వరుస దానిదే. బెల్లం రంగు ఒంటి మీద తోరణం బొమ్మ ఎప్పుడో గీకుకుపోయింది, మిర్చి పొడి పట్టి ఒక కంబం మాత్రం ఎర్రగా మిగిలింది. పర్వతగిరి రైతు బస్తా దగ్గరికి వచ్చి నీలం చేతులు చాపి ఆగిపోయింది. ఎత్తలేదు. మేస్త్రీ వచ్చి వీపు మీద ఒకటి చరిచాడు. ఎత్తలేదు. 'బస్తన్నకు ఏమైందిరా' అన్నారెవరో. 'కంపెనీకి ఫోన్ కొట్టు' అన్నారింకెవరో. రైతు మాత్రం ఏమీ అనలేదు. పట్టా కాగితం జెరాక్సు నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటూ బస్తా మీదే కూర్చున్నాడు."

ఎలా ఉంది?

ఖని పిల్లగాడు · సోమవారం రాత్రి 11:02

మస్తుంది అన్నా. వీపు మీద చరవడం అసలు. మా నాన్నకు చదివి వినిపిస్త.

మిర్చి యార్డు · సోమవారం రాత్రి 11:10

రైతు మాట్లాడకపోవడం బాగుంది. కానీ నాలుగింటికి మేస్త్రీ రాడు, ఐదు దాటుతది.

కిరాణా కబుర్లు · సోమవారం రాత్రి 11:31

అంతా బాగనే ఉన్నది. రెండు రోజులు ఇంతమందిమి కూర్చుని అసలు కంపెనీ పేరు ఒక్కటి రానీయకుండ కాపలా కాస్తే, చివరి వాక్యంల జెరాక్స్ పెట్టినవ్ కదా తమ్మీ.

ఓరుగల్లు రాకెట్ · సోమవారం రాత్రి 11:34

అయ్యో.

నల్లకోటు · సోమవారం రాత్రి 11:40

ఉండనీ. దానికి ఇంకో మాట మన దగ్గర ఎవరి నోట్లోనూ లేదు.